ఆదివారం ఎవరిది?



ఈసారి పాఠానికి చాలా చిన్నగా కనిపించే విషయం తీసుకుంటున్నాం. అది ఆదివారం. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో పెద్దవాళ్లు 'ఐతారం' అంటరు. ధమ్మానికీ ఐతారానికీ ఏం సంబంధం అనుకోవద్దు. మనిషి తన పని గురించి, తన కాలం గురించి, చివరికి తన ముసలితనం గురించి ఏమనుకుంటున్నాడో తెలుసుకోవాలంటే వాడి ఆదివారం ఎట్ల గడుస్తుందో చూస్తే చాలు.

ముందు ఉద్యోగం చేసే మనిషిని చూద్దాం. వాడికి ఆదివారం శనివారం సాయంత్రమే మొదలవుతుంది. నిజానికి ఆ సాయంత్రమే అన్నింటికంటే బాగుంటుందని చాలామంది ఒప్పుకుంటరు. తెల్లారి లేటుగా లేవడం, తలకు పోసుకోవడం, కూర తెచ్చుకోవడం, తిని ఒక కునుకు తీయడం. లేచేసరికి నాలుగు దాటుతుంది. అక్కడి నుంచి మనసు బరువెక్కుతుంది. రేపు సోమవారం. బస్సు టైం, ఆఫీసరు మొఖం, మిగిలిపోయిన ఫైలు, పిల్లల ఫీజు. టీవీ నడుస్తనే ఉంటది గాని చూసేది ఎవరూ లేరు. ఒక్క రోజు సెలవులో సగం పూట సోమవారమే తినేస్తుంది.

రిటైరైన మనిషికి మొదటి నెలంతా రోజూ ఆదివారమే. సంబరంగానే ఉంటుంది. మూడో నెలకు ఏ రోజు ఏ వారమో క్యాలెండర్ చూస్తే గాని తెల్వదు. పనిదినం లేకపోతే సెలవు దినానికి కూడా రుచి ఉండదు. కొడుకు కోడలు హైదరాబాద్ నుంచి వస్తే అది ఆదివారం, రాకపోతే అదీ మంగళవారం లాంటిదే. "పని ఉన్నప్పుడు ఆదివారం కోసం చూసిన, ఇప్పుడు సోమవారం కోసం చూస్తున్న" అని ఒక రిటైర్డ్ అటెండర్ అన్నమాట మా స్టడీ సర్కిల్లో అందరినీ కాసేపు నోరు మూయించింది.

మూడో మనిషికి అసలు ఆదివారమే లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తా లెక్కన కూలి పడే హమాలీకి సెలవు అంటే కూలి లేని రోజు. సీజన్లో వడ్ల ట్రాక్టర్లు బారులు తీరితే రాత్రి పగలు తేడా ఉండదు. ఆ మిల్లుల్లో ఇప్పుడు బీహార్ నుంచి వచ్చినవాళ్లు ఎంతోమంది. బుద్ధుడు నడిచిన నేల మీద పుట్టినవాళ్లు మన ఊళ్లలో బస్తాలు మోస్తున్నరు, వాళ్లతో మనం ఎప్పుడన్నా రెండు మాటలు మాట్లాడినమా? సూర్యాపేట నుంచి కోదాడ దాకా హైవే మీద హోటళ్లలో ప్లేట్లు కడిగే పిల్లగాళ్లకు ఆదివారమే ఎక్కువ పని. తెల్లారకముందే రోడ్లు ఊడ్చే మున్సిపాలిటీ అక్కలకూ అంతే. అందరికీ సెలవు కాబట్టి చెత్త ఎక్కువ.

ఈ ముగ్గురినీ ఒక్కచోట కూర్చోబెట్టి ఆలోచిస్తేనే ఈ పాఠం అర్థమవుతుంది.

సెలవు ఎట్ల వచ్చింది

నిజాం రాజ్యంలో సర్కారు కచ్చేరీలకు సెలవు శుక్రవారం. సూర్యాపేట, మిర్యాలగూడ ఆ రాజ్యంలోవే. కానీ సూర్యాపేట, కోదాడల మధ్య ఉన్న మునగాల పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లాలో భాగం, అక్కడ ఆదివారం. అంటే ఇయ్యాల మనం బస్సులో కూర్చుని దాటేసే దారిలో సెలవు రోజు శుక్రవారం నుంచి ఆదివారానికి మారి, మళ్లీ శుక్రవారం అయ్యేది. పుస్తకాల్లో చదువుకుంటే ఇది తమాషాగా ఉంటుంది. వెట్టి చేసిన మాల మాదిగ వాడలకు మాత్రం తమాషా కాదు. వాళ్లకు అటు శుక్రవారమూ లేదు, ఇటు ఆదివారమూ లేదు. ఏడాది జీతానికి కుదిరిన జీతగాడు జ్వరమొచ్చి రాకపోయినా అది 'నాగా'. ఆ నాగాలన్నీ లెక్కగట్టి ఏడాది చివర అదనంగా పని చేయించుకునేవాళ్లు. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లో. అంటే మన తాతలు కాదు, మన తండ్రుల్లోనే చాలామంది సెలవు అనే మాట తెలియకుండా పెరిగారు.

ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. మన వాడల్లో చాలా ఇళ్లకు ఆదివారం అనే రోజును మొదట తెచ్చింది చర్చి. తెల్ల బట్టలు కట్టుకుని, పిల్లల చేయి పట్టుకుని, "ఇయ్యాల గుడికి పోవాలె" అని దొరకు చెప్పగలిగిన మొదటి రోజు అది. మనం ధమ్మంలోకి వచ్చినంత మాత్రాన దాన్ని చులకన చేసి మాట్లాడాల్సిన పని లేదు.

ఇక దేశంలో ఫ్యాక్టరీ కార్మికులకు ఆదివారం ఎట్ల వచ్చింది? వాట్సాప్‌లో చూస్తే బాబాసాహెబే ఇప్పించిండు అని తిరుగుతుంది. ఆయనకు లేని గొప్పను అంటగట్టాల్సిన అవసరం లేదు, ఉన్నవే మోయలేనన్ని ఉన్నాయి. ఆదివారం కోసం పోరాడింది నారాయణ మేఘాజీ లోఖండే. జోతిరావు ఫూలే సహచరుడు, సత్యశోధక సమాజ్ కార్యకర్త, 'దీనబంధు' పత్రిక నడిపినవాడు. బొంబాయి మిల్లుల్లో పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గూకేదాకా పని, వారం సెలవు లేదు. 1884లో ఆయన కార్మికుల సభలు పెట్టి, ఆదివారం సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, జీతం టైంకు ఇవ్వడం వంటి కోరికలతో 5,500 మంది సంతకాలు చేసిన వినతిపత్రం తయారు చేయించాడు. యజమానులు కదల్లేదు. 1890 ఏప్రిల్ 24న దాదాపు పదివేల మంది కార్మికులు సభ కట్టారు. ఆ సభలో ఇద్దరు కార్మిక స్త్రీలు కూడా లేచి మాట్లాడారు. 1890 జూన్ 10న మిల్లు యజమానుల సంఘం ఆదివారం సెలవుకు ఒప్పుకుంది. ఆ ఏడాది నవంబర్లోనే ఫూలే కన్నుమూశాడు. మరుసటేడు, 1891లో, ఫ్యాక్టరీల చట్టంలో వారం సెలవు చేరింది. లోఖండే 1897లో ప్లేగు రోగులకు సాయం చేస్తూ తానూ ఆ జబ్బుతోనే చనిపోయాడు. 2005లో ఆయన పేరిట తపాలా బిళ్ల వచ్చింది. మన ఇళ్లలో మాత్రం ఆయన ఫొటో ఎక్కడా కనబడదు.

బాబాసాహెబ్ చేసింది దీనికి తర్వాతి మెట్టు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న కాలంలో రెండు సవరణలు వచ్చాయి. 1945 సవరణతో ఫ్యాక్టరీ కార్మికుడు ఏడాది పని చేస్తే జీతంతో కూడిన సెలవులు పొందే హక్కు దక్కింది. 1946 సవరణతో ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో వారం పని 54 గంటల నుంచి 48 గంటలకు తగ్గింది. మొదటిది చాలా పెద్ద విషయం. జీతం కోసుకుని ఇచ్చే సెలవును పేదవాడు తీసుకోలేడు. మిర్యాలగూడ హమాలీని అడగండి, ఆయనే చెప్తడు.

సిగాలునికి చెప్పిన మాట

ఇప్పుడు ఈ పోరాటాలన్నింటికంటే వెనక్కి, రాజగృహానికి పోదాం. సిగాలుడు అనే గృహస్థ యువకుడు తడి బట్టలతో నిలబడి ఆరు దిక్కులకు మొక్కుతుంటే బుద్ధుడు ఆగి, దిక్కులంటే ఇవి కావు అని చెప్పాడు. తల్లిదండ్రులు తూర్పు, గురువులు దక్షిణం, భార్యాబిడ్డలు పడమర, మిత్రులు ఉత్తరం, పనివాళ్లు కింది దిక్కు, శ్రమణులు పై దిక్కు. ఒక్కొక్కరి పట్ల ఏం చేయాలో వివరంగా చెప్పాడు. దీఘనికాయంలోని ఈ సుత్తాన్ని బాబాసాహెబ్ కూడా 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలోకి తీసుకున్నాడు.

పనివాళ్ల పట్ల యజమాని చేయాల్సినవి ఐదు. వాళ్ల శక్తికి తగ్గ పని అప్పజెప్పాలి, తిండి జీతం ఇవ్వాలి, జబ్బు చేస్తే చూసుకోవాలి, మంచి వంటకం చేసుకుంటే వాళ్లకూ పెట్టాలి, సమయానికి సెలవు ఇవ్వాలి. ఆ ఐదోదాన్ని పాళీలో 'సమయే వోస్సగ్గ' అన్నారు. రెండున్నర వేల ఏళ్ల కింద, మిల్లులు లేని కాలంలో, సెలవును దయ అనకుండా యజమాని కర్తవ్యంగా చెప్పినవాడు మన గురువు. వెట్టిని ధర్మంగా చెప్పిన శాస్త్రాల పక్కన దీన్ని పెట్టి చూడండి.

వోస్సగ్గ అంటే వదిలిపెట్టడం, అప్పగించడం. ఇదే మాట ఇదే సుత్తంలో ఇంకోచోట కూడా వస్తుంది. భర్త భార్య పట్ల చేయాల్సిన ఐదు పనుల్లో ఒకటి 'ఇస్సరియ వోస్సగ్గ', అంటే ఇంటి అధికారం ఆమెకు అప్పగించడం. పనివాడికి కాలం అప్పగించాలి, భార్యకు అధికారం అప్పగించాలి. రెండిట్లోనూ మన గుప్పిట్లో ఉన్నదాన్ని విప్పడమే ఉంది.

ఇప్పుడు మన ఇళ్లకు వద్దాం. యూనియన్ మీటింగులో సెలవు హక్కు గురించి గంట మాట్లాడి ఇంటికొచ్చిన మనిషి, ఆదివారం పూట చికెన్ కవర్ వంటింట్లో పెట్టి "అల్లం ఎక్కువెయ్యి" అని మంచమెక్కుతడు. ఆమె వారమంతా పత్తి ఏరి వచ్చింది, లేకపోతే బడిలో పాఠం చెప్పి వచ్చింది. ఆదివారం నాడు ఆమెకు వారం బట్టలు, పిల్లల తలస్నానాలు, చుట్టాలు, రెండు రకాల కూర. సోమవారం వస్తే కొంచెం నయం అనుకునే ఆడవాళ్లు మన వాడల్లో ఎంతమందో లెక్కపెట్టండి. మగవాడు ఆదివారం సాయంత్రం దిగులు పడితే, ఆమె శనివారం సాయంత్రమే దిగులు పడుతుంది. లోఖండే సభలో లేచి మాట్లాడిన ఆ ఇద్దరు స్త్రీలు గెలిచిన ఆదివారం వాళ్ల ఇళ్లలో వాళ్లకు దక్కిందో లేదో చరిత్ర రాసినవాళ్లు పట్టించుకోలేదు.

గోపాలకుని ఉపోసథం

సెలవు దొరికినవాడి మనసు సంగతి చూద్దాం. శ్రావస్తిలో విశాఖ ఒక ఉపోసథం నాడు బుద్ధుని దగ్గరికి వచ్చింది. ఉపోసథాలు మూడు రకాలని ఆయన ఆమెకు చెప్పాడు. అందులో మొదటిది గోపాలకుని ఉపోసథం, అంటే పసులకాపరిది. సాయంత్రం పసుల్ని యజమానికి అప్పగించి వచ్చిన కాపరి, ఇయ్యాల ఫలానా చోట మేసినయి, రేపు ఫలానా చోట మేపాలె, అక్కడ నీళ్లు తాపాలె అని ఆలోచిస్తూ కూర్చుంటడు. అట్లనే కొందరు ఉపోసథం పాటిస్తూనే, ఇయ్యాల ఇది తిన్న, రేపు అది తింట అని లెక్కలేస్తూ రోజంతా గడిపేస్తరు. దానివల్ల పెద్ద ఫలం లేదన్నాడు.

పసులు అతనివి కావు, యజమానివి. పని అయిపోయింది, అప్పగింత కూడా అయింది. అయినా మనసు ఇంకా పసుల వెంటే తిరుగుతుంది. మన ఆదివారం సాయంత్రం సరిగ్గా ఇదే. పొద్దున కూర గురించి, మధ్యాహ్నం నుంచి సోమవారం గురించి. జీతగాడి కొడుకుగా పుట్టి ఆఫీసులో కూర్చునే స్థితికి వచ్చినా, సెలవు రోజున మనసు ఇంకా దొర కొట్టంలోనే కట్టేసి ఉంటే ఎట్ల?

దీని గురించే బుద్ధుడు రెండు బాణాల పోలిక కూడా చెప్పాడు. సంయుత్తనికాయంలో ఉంది. ఒక బాణం ఒంటికి తగులుతుంది, అది అందరికీ తగిలేదే. ధమ్మం వినని మనిషి ఆ నొప్పికి ఏడ్చి, కుమిలి, రెండో బాణం మనసుకు తానే తగిలించుకుంటడు. సోమవారం పని మొదటి బాణం. అది సోమవారం నాడే తగులుతుంది. ఆదివారం నాలుగింటికి తగిలేది రెండోది.

అయితే ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. బాధంతా నీ మనసులోనే ఉంది, సర్దుకుపో అని చెప్పడం ధమ్మం కాదు, అది యజమానికి పనికొచ్చే మాట. సోమవారం మీద భయం ఎందుకు పుడుతుందో కూడా చూడాలి. ఆఫీసులో కులం పేరు పెట్టి వెటకారం ఉందా? చేసిన పనికి జీతం సరిగా రావట్లేదా? అయితే అది మొదటి బాణమే. దాన్ని విసిరే చేతిని పట్టుకోవాలె, సంఘం కావాలె, చట్టం కావాలె. 1948 ఫ్యాక్టరీల చట్టం వరుసగా పది రోజులకు మించి పూర్తి సెలవు లేకుండా పని చేయించొద్దని రాసింది. అట్లాంటి మాటల కోసం లోఖండే లాంటివాళ్లు ఏళ్లు పోరాడారు. మొదటి బాణానికి పోరాటం, రెండో బాణానికి సాధన. ఒకటి చేసి రెండోది వదిలేస్తే కుదరదు.

రిటైరైన తర్వాత

2021లో తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. అప్పుడు కొందరు సంతోషపడ్డారు, డబ్బు కోసమే కాదు, ఇంట్లో కూర్చుంటే ఏం చేయాలో తెలియక. అర్థం చేసుకోదగ్గదే. మన వాళ్లలో చాలామందికి ఉద్యోగం అంటే జీతం ఒక్కటే కాదు. ఊళ్లో 'ఒరేయ్' అని పిలిచే నోటితో 'సార్' అనిపించింది ఆ కుర్చీ. కుర్చీ పోతే ఆ పిలుపు కూడా పోతుందేమోనన్న భయం లోపల ఉంటుంది. పై కులాల రిటైర్డ్ ఉద్యోగికి ఈ భయం అంతగా ఉండదు, ఆయన గౌరవం కుర్చీ కంటే ముందే పుట్టింది.

పింఛను లేని ముసలివాళ్ల సంగతి వేరే. వాళ్లకు రిటైర్మెంట్ ఒంట్లో బలం పోయిన రోజే. ఆసరా పింఛను వచ్చే రోజే వాళ్లకు నెలలో ఒక ఆదివారం.

ఈ ఇద్దరికీ పనికొచ్చే సుత్తం నకులపితది. ముసలివాడైన నకులపిత భగ్గుల దేశంలో భేసకళావనంలో బుద్ధుని దగ్గరికి వచ్చి, ఒళ్లు పాడైపోయింది, ఎప్పుడూ ఏదో ఒక జబ్బు, తరచుగా మీ దర్శనానికి కూడా రాలేకపోతున్నా, నాకు పనికొచ్చేది చెప్పండి అన్నాడు. శరీరం జబ్బు పడ్డా చిత్తం జబ్బు పడకుండా చూసుకోవడం నేర్చుకో అని బుద్ధుడు చెప్పాడు. సారిపుత్తుడు దాన్ని వివరించాడు. ఈ శరీరం నేను, ఈ అనుభవం నాది అని పట్టుకున్నవాడికి అది మారినప్పుడు మనసు కూడా కూలిపోతుంది. 'నేనే హెడ్మాస్టర్ని', 'నేనే సూపరింటెండెంట్‌ని' అని ఇరవై ఏళ్లు పట్టుకున్నవాడికి రిటైర్మెంట్ నాడు జరిగేది అదే.

బాబాసాహెబ్ 1951లో కేంద్ర మంత్రి పదవికి రాజీనామా చేశాడు. వయసు అరవై, షుగర్ జబ్బు, కాళ్ల నొప్పులు. మామూలు లెక్కలో అది రిటైర్మెంటే. ఆ తర్వాతి ఐదేళ్లలోనే 'బుద్ధుడు - ఆయన ధమ్మం' రాశాడు, 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో దీక్ష తీసుకుని లక్షల మందికి దీక్ష ఇచ్చాడు. క్యాలెండర్ తీసి చూడండి, ఆ రోజు ఆదివారం. మన కొత్త జన్మ మొదలైందే ఒక సెలవు రోజున.

మనం చేయదగ్గవి

మహారాష్ట్ర బౌద్ధుల్లో ఆదివారం విహారానికి పోయి వందన చేసే అలవాటు గట్టిగా ఉంది. మన దగ్గర కూడా విహారం ఉన్నచోట విహారంలో, లేనిచోట అంబేద్కర్ భవనంలో, అదీ లేకపోతే ఎవరింటి వరండాలోనైనా కలవొచ్చు. వినయపిటకంలో ఒక కథ ఉంది. ఇతర మతాల పరివ్రాజకులు పక్షంలో ఎనిమిది, పద్నాలుగు, పదిహేనో రోజుల్లో కూడి మాట్లాడుతుంటే జనం వాళ్ల వైపు పోతున్నారు, మన భిక్షువులు కూడా అట్ల కలిస్తే బాగుంటుంది అని బింబిసారుడు అడిగాడు. బుద్ధుడు సరేనన్నాడు. భిక్షువులు కలిశారు గాని ఊరికే మౌనంగా కూర్చున్నారు. వినడానికి వచ్చిన జనం, వీళ్లేంది మూగ పందుల్లా కూర్చున్నరు అని విసుక్కున్నారు. అప్పుడు బుద్ధుడు, కలిసినప్పుడు ధమ్మం మాట్లాడండి అన్నాడు. మన సమావేశాల్లో మౌనం సమస్య లేదు. దండలు, శాలువాలు, ఫొటోలు, ఎవరి పేరు ముందు పిలవాలె అనే పంచాయితీ, ఇవి పోగా ధమ్మానికి మిగిలేది పది నిమిషాలు. ఆ పదిని నలభై చేయాలె.

వందనకు ఆడవాళ్లు రావాలంటే ఆ రోజు వంట మగవాళ్లు చేయాలె. దీనికి వేరే ఉపాయం లేదు. ఒక్క కూర చాలు.

ఆదివారం లేనివాళ్ల కోసం రోజు మార్చాలె. హమాలీలకు, హోటల్ పనివాళ్లకు ఆదివారం పొద్దున పది గంటల సమావేశం పనికిరాదు. పున్నమి రాత్రి ఎనిమిదింటికి వాళ్లుండే చోటికే మనం పోవాలె. పున్నమి మనకు ఎట్లాగూ ఉపోసథమే.

రిటైరైనవాళ్లు ఈ పనికి వెన్నెముక కావాలె. చదవలేని పెద్దలకు వారానికి ఒక అధ్యాయం చదివి వినిపించడం, పింఛను కాగితాలు, లైఫ్ సర్టిఫికేట్లు నింపిపెట్టడం, పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పడం. సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి గుట్టకు పిల్లలను తీసుకుపోవడం కూడా వాళ్లే చేయగలరు. మహాస్తూపం, చైత్యగృహాలు, భిక్షువులుండే విహారాల పునాదులు ఆ గుట్ట మీద బయటపడ్డాయి. గుట్ట ఎక్కలేనివాళ్లు కింద కూర్చుని కథ చెప్పినా సరే.

వచ్చే సమావేశానికి అందరూ ఒక పని చేసుకుని రండి. గడిచిన ఆదివారం పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా మీ ఇంట్లో ఒక్కొక్కరు ఏ గంటకు ఏం చేశారో ఒక కాగితం మీద రాయండి. మీది మీరు, మీ ఇంటావిడది ఆమె, పిల్లలది పిల్లలు. ఎవరిది వాళ్లే రాయాలె, ఒకరిది ఒకరు రాయొద్దు. ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చదువుకుందాం.